ఐదో తరగతి చాలన్న చోట

ఈ వరుసలో ఇది తొమ్మిదో వ్యాసం. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

నిరుడు మా కాలేజీలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. విషయం: యువతకు టెక్నాలజీ, నాయకత్వం. నగరం నుంచి వచ్చిన ట్రైనర్, ఫోన్‌లో మనం మాట్లాడుతుంటే అదే తెలుగులో టైపు అయ్యే పద్ధతి చూపించాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ అందుకుని పేర్లూ ఊర్లూ చెప్పి సంబరపడుతున్నారు. చర్ల వైపు నుంచి వచ్చిన ఒక కోయ అమ్మాయి లేచి, "సార్, ఇది మా కోయల రాస్తదా?" అని అడిగింది. ట్రైనర్ నవ్వాడు. "ముందు ఇంగ్లీషు నేర్చుకోమ్మా, లీడర్ కావాలంటే అదే కావాలి" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వరుసలో కూర్చున్న నేనూ నవ్వాను.

నా యాసను చూసి నవ్విన క్లాసుల్లో చదువుకుని పైకి వచ్చినవాణ్ణి నేను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్నవాణ్ణి. అయినా ఆ పూట నవ్వాను. ఇంటికి పోయాక గానీ ఆ నవ్వు గొంతులో అడ్డుపడలేదు.

ఆ అమ్మాయి ఊరి నుంచి అడవి దాటితే బీజాపూర్ జిల్లా. అంటే బస్తర్. ఒకవైపు మావోయిస్టులు, మరోవైపు బలగాలు, మధ్యలో ఊళ్లు నలిగిన నేల. ఇలాంటి చోట్ల యువతకు టెక్నాలజీ నేర్పాలి, నాయకులుగా తీర్చిదిద్దాలి అనే మాట ఈ మధ్య సదస్సుల్లో, పథకాల కాగితాల్లో తరచుగా కనబడుతోంది. మంచి మాటే. కానీ చరిత్ర చదివేవాళ్లం ఒకటి అడగాలి. ఆ నేల పిల్లలకు ఇంతకుముందు ఎవరు ఏం నేర్పారు? వాళ్లంతట వాళ్లు ఏం నేర్చుకున్నారు? నేర్చుకున్నందుకు ఏం చెల్లించారు?

తుపాకీ పాఠ్యప్రణాళిక

2005 జూన్‌లో దంతేవాడ జిల్లాలో సల్వా జుడుం మొదలైంది. అప్పట్లో బీజాపూర్, సుక్మా కూడా ఆ జిల్లాలోనే ఉండేవి. ఊళ్లు తగలబడ్డాయి, జనాన్ని రోడ్డు పక్క క్యాంపులకు తరలించారు. క్యాంపులకు పోనివాళ్లు అడవిలోకి పోయారు, లేదంటే సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. మనం "గుత్తికోయలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్న మనుషుల్లో ఎక్కువమంది ఇలా వచ్చినవాళ్లే.

అదే కాలంలో ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా, ఎస్పీఓలుగా తీసుకున్నారు. దీని మీద నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాసింది మన తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్. ఈ తీర్పును లా విద్యార్థులు ఎలాగూ చదువుతారు. మిగతావాళ్లు దాన్ని విద్య గురించిన పత్రంగా చదవాలని నా కోరిక.

అందులో ఏముందో చూడండి. ఎస్పీఓ కావడానికి ఐదో తరగతి పాసైతే మేలు, అంతే. గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు. శిక్షణ రెండు నెలలు. ఆ శిక్షణలో ఏం నేర్పుతున్నారో ప్రభుత్వమే కోర్టుకు చెప్పింది. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం లాంటి చట్టాలన్నీ కలిపి 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగం 12. పోలీసు పనిలో శాస్త్ర సాంకేతిక, ఫోరెన్సిక్ సాధనాల వాడకం 6. బస్తర్ సంస్కృతి, ఆచారాలు 9.

మరోసారి చదవండి. బస్తర్‌లో పుట్టిన పిల్లవాడికి బస్తర్ ఆచారాల మీద తొమ్మిది పీరియడ్లు. సైన్సుకు ఆరు. ఐదో తరగతి చదివిన పిల్లలకు రెండు నెలల్లో ఇన్ని చట్టాలు ఎలా తలకెక్కుతాయని కోర్టు అడిగింది. ఆ నియామకాలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ప్రభుత్వం వెంటనే కొత్త చట్టం తెచ్చి ఎస్పీఓలను సహాయక సాయుధ దళంలో కలుపుకుంది.

ఇంకోవైపు సంగతీ చెప్పాలి, లేకపోతే ఇది చరిత్ర కాదు. మావోయిస్టులు బడి భవనాలు పేల్చారు. బలగాలు అందులో మకాం పెడుతున్నాయన్నది వాళ్ల వాదన. బలగాలు నిజంగానే బడుల్లో మకాం పెట్టాయి, ఖాళీ చేయమని కోర్టు చెప్పాల్సి వచ్చింది. మావోయిస్టులు చిన్న పిల్లలనూ తమ సంఘాల్లోకి, దళాల్లోకి తీసుకున్నారు. సెల్ టవర్లు కూల్చారు. రెండు వైపులా ఆ పిల్లల చేతులు కావాలనుకున్నారు. వాళ్ల బుద్ధికి ఏం పని ఇద్దామని ఎవరూ ఆలోచించలేదు.

మిస్డ్ కాల్

ఇంత యుద్ధం నడుస్తున్న చోట వార్తలు ఎవరు చెప్పాలి? మన దేశంలో రేడియోలో సొంతంగా వార్తలు చెప్పే హక్కు ఆకాశవాణిది మాత్రమే. ప్రైవేటు ఎఫ్ఎంలకూ లేదు, కమ్యూనిటీ రేడియోలకూ లేదు. పత్రికల విలేఖరులు పట్టణాల్లో ఉంటారు, వాళ్లలో చాలామందికి గోండి రాదు. గోండి మాతృభాష అని 2011 జనగణనలో చెప్పినవాళ్లు 29 లక్షలకు పైగా ఉన్నారు. అది ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. 29 లక్షల మంది మాట్లాడుతున్నా రాజ్యం దృష్టిలో అది మౌనమే.

2010లో శుభ్రాంశు చౌదరి అనే జర్నలిస్టు సీజీనెట్ స్వర మొదలుపెట్టాడు. ఆయన అంతకుముందు బీబీసీలో పనిచేసినవాడు, ఛత్తీస్‌గఢ్ మనిషి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు సాంకేతిక సాయం చేశారు. పద్ధతి చాలా సాదాది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే యంత్రం తిరిగి ఫోన్ చేస్తుంది. 1 నొక్కితే నీ కబురు చెప్పొచ్చు, 2 నొక్కితే ఇతరుల కబుర్లు వినొచ్చు. గోండిలో, హిందీలో, ఛత్తీస్‌గఢీలో, ఎందులోనైనా సరే.

ఏం చెప్పేవాళ్లు? ఉపాధి కూలి డబ్బులు రాలేదని, చేతిపంపు పాడైందని, బడికి పంతులు రావడం లేదని, రేషన్ తూకంలో కోత పడుతోందని. మధ్యమధ్య పాటలు. కబురు చివర సంబంధిత అధికారి ఫోన్ నంబరు ఉండేది. వినేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆ అధికారికి ఫోన్ చేసి, ఫలానా ఊళ్లో పంపు ఎందుకు బాగు చేయలేదండీ అని అడిగేవాళ్లు. ఆఫీసు గుమ్మం బయట రోజంతా నిలబడినా పని జరగని మనిషి, ఒక ఫోన్ కాల్‌తో ఆఫీసు లోపల మోగేవాడు.

ఇందులో నాకు ముఖ్యమైంది యంత్రం కాదు. దాని వెనక కూర్చుని కబుర్లు వినే మోడరేటర్లు, ఊళ్లలో ఫోన్ పట్టుకుని తిరిగే యువకులు. వాళ్లు నేర్చుకున్నదేమిటి? వచ్చిన కబురు వినాలి. నిజమా కాదా అని తిరిగి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఎవరి మీదైనా కక్షతో చెప్పిందా అని చూడాలి. పేరు బయటపడితే చెప్పినవాడి ప్రాణానికి ముప్పు ఉందా అని ఆలోచించాలి. అప్పుడు, ఇది బయటికి పోవాలా వద్దా అని నిర్ణయించాలి. పోయాక జవాబు చెప్పుకోవాలి.

ఎస్పీఓ శిక్షణలో ఒక్క పీరియడ్ కూడా లేనిది ఈ నిర్ణయమే. అక్కడ ఆజ్ఞ పాటించడం నేర్పారు. ఇక్కడ తేల్చుకోవడం నేర్చుకున్నారు.

మన చరిత్రలో దీనికి పూర్వం ఉంది. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' తెచ్చాడు. మూగవాళ్ల నాయకుడు అని అర్థం. ఆ రోజుల్లో టెక్నాలజీ అంటే అచ్చుయంత్రం. అది అగ్రకులాల చేతిలో ఉంది. 'మూక్‌నాయక్' ప్రకటనను డబ్బులిస్తామన్నా 'కేసరి' వేసుకోలేదు. మన దగ్గర భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' నడిపాడు, కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. వీళ్లు అచ్చుయంత్రం నడపడం నేర్చుకున్నందుకు నాయకులు కాలేదు. ఏది అచ్చు కావాలో తామే తేల్చుకుంటామని కూర్చున్నందుకు నాయకులయ్యారు.

దంతేవాడలో యువ బీపీఓ కూడా పెట్టారు. హెడ్‌సెట్ పెట్టుకుని కాల్స్ మాట్లాడే ఉద్యోగాలు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కాల్‌సెంటర్ జీతంతో తమ్ముణ్ణి, చెల్లెల్ని చదివించిన మన పిల్లలు నా క్లాసుల్లోంచే వెళ్లారు. కూడు పెట్టే పని ఏదీ చిన్నది కాదు. కానీ అదే ఫోన్, అదే గొంతు. ఒకచోట ఇంకెవరో రాసిచ్చిన మాటలు చెప్పాలి. ఇంకోచోట ఏ మాట బయటికి పోవాలో తేల్చాలి. మొదటిది నైపుణ్యం. రెండోది నాయకత్వం. పథకాల కాగితాల్లో ఈ రెండింటినీ ఒకటే చేసి రాస్తారు. మనం విడదీసి చదవాలి.

సీజీనెట్‌ను కూడా ఇదే కొలతతో కొలవాలి. 2014లో డిజిటల్ యాక్టివిజానికి ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ అవార్డు వచ్చింది శుభ్రాంశు చౌదరికి. ఆయన కృషికి తగినదే. అయితే సర్వర్ ఎవరిది, నిధులు ఎవరివి, ఆఖరి మాట ఎవరిది అనే ప్రశ్న ఆదివాసీ యువత అడిగితే అది కృతఘ్నత కాదు. మన మేలు కోరి పెట్టిన సంస్థల్లోనూ దళితులం మనం ఇదే అడిగాం.

కెమెరాకు కట్టిన ధర

నేర్చుకున్నవాళ్లకు ఏమైంది?

లింగా కొడోపి దంతేవాడ జిల్లా సమేలి గ్రామం వాడు, సోనీ సోరి మేనల్లుడు. 2009లో పోలీసులు పట్టుకుపోయి స్టేషన్‌లో పెట్టారు. ఎస్పీఓగా చేరమని ఒత్తిడి చేశారని అతను చెప్పాడు. హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే గానీ బయటపడలేదు. తర్వాత నోయిడా వెళ్లి జర్నలిజం చదివాడు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లు తగలబడితే అక్కడికి పోయి బాధితుల మాటలు వీడియో తీశాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక కంపెనీ నుంచి మావోయిస్టులకు డబ్బు చేరవేస్తున్నాడని అరెస్టు చేశారు. రెండేళ్లకు పైగా జైలు. 2022 మార్చిలో కోర్టు ఆ కేసు కొట్టేసింది. అరెస్టుకూ తీర్పుకూ మధ్య పదేళ్లు దాటిపోయాయి. ఒక యువకుడి జీవితంలో అవే కదా పని చేసే ఏళ్లు.

ముఖేశ్ చంద్రాకర్ బీజాపూర్ జిల్లా బాసాగుడా వాడు. సల్వా జుడుం కాలంలో ఊరు విడిచిన కుటుంబం. 'బస్తర్ జంక్షన్' అని సొంత యూట్యూబ్ ఛానెల్ పెట్టాడు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల దగ్గర బందీగా ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాన్‌ను విడిపించి తెచ్చిన విలేఖరుల్లో అతనూ ఉన్నాడు. నాయకత్వం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రయాణం చూపించండి. రెండు తుపాకుల మధ్య నడిచి ఒక మనిషిని ఇంటికి చేర్చడం. బీజాపూర్‌లో ఒక రోడ్డు పనిలో జరిగిన అవినీతి మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1న ముఖేశ్ కనబడకుండా పోయాడు. 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది.

యుద్ధంలో కాదు, రోడ్డు కోసం చనిపోయాడు. ఆదివాసీ ప్రాంతాలకు రోడ్డే అభివృద్ధి అని ఉపన్యాసాలిస్తారు కదా, ఆ రోడ్డు నాణ్యత గురించి అడిగినందుకు. యువతకు కెమెరా పట్టడం నేర్పే ప్రతి శిక్షణలోనూ ఈ రెండు జీవితాలు పాఠంగా పెట్టాలి. రక్షణ గురించి మాట్లాడకుండా "ధైర్యంగా ముందుకు రండి" అని పిలవడం, ఇంకొకరి పిల్లల్ని ముందు నడిపించి మనం వెనక నిలబడటమే.

అక్షరం ఎవరి చేతిలో

ఇక మన గడప దగ్గరికి వస్తాను. ఇదంతా ఛత్తీస్‌గఢ్ గొడవ, మనకేం సంబంధం అనుకునేవాళ్ల కోసం.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు చంపారు. అదీ ఘర్షణ ప్రాంతమే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలో వాచకాలు తయారుచేశారు, దేవనాగరి లిపిలో. గోండు పిల్లలకు గోండు పంతులు గోండిలో పాఠం చెప్పడం అక్కడ మొదలైంది. తర్వాత రాష్ట్రాలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. బడుల్లోంచి గోండి వెనక్కి పోయింది. ఆ కుర్చీలో వచ్చి కూర్చున్నది తెలుగు. మనం ఎంతో ప్రేమించే, మన మీద హిందీ రుద్దుతున్నారని మనం పోట్లాడే తెలుగు.

2006లో అదే జిల్లాలోని గుంజాల గ్రామంలో, గోండి సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దళిత ఆదివాసీ అధ్యయన కేంద్రం ఆ పని ముందుకు తీసుకుపోయారు. ఆ లిపి చదవగలిగిన పెద్దలు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ల దగ్గర ఊరి యువకులు నేర్చుకున్నారు. 2018లో గుంజాల గోండికి యూనికోడ్‌లో 63 అక్షర స్థానాలు దక్కాయి. అంతకు ముందు ఏడాది, మంగళ్ సింగ్ మసారం 1918లో తయారుచేసిన మసారం గోండి లిపికి చోటు దొరికింది. యూనికోడ్‌లో చోటు లేని అక్షరం ఫోన్‌లో బొమ్మగా ఉంటుంది గానీ అక్షరంగా ఉండదు. వెతికితే దొరకదు, ఒక ఫోన్‌లో రాసింది ఇంకో ఫోన్‌లో తెరుచుకోదు.

2014 నుంచి ఆరేడు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న గోండులు వర్క్‌షాపుల్లో కూర్చుని ఉమ్మడి నిఘంటువు మీద పని చేశారు. 2018 నాటికి మూడు వేల దాకా పదాలు చేరాయి. ఇప్పుడు 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆది వాణి' అనే అనువాద యాప్ తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు ఛత్తీస్‌గఢ్ గోండి కూడా అందులో ఉంది. తయారీలో మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకీ భాగం ఉంది.

సంతోషించాలి. సంతోషిస్తూనే అడగాలి. ఆ యంత్రానికి మాట నేర్పడానికి గొంతులిచ్చినవాళ్లు ఎవరు? ఒక మాటకు ఆదిలాబాద్‌లో ఒక అర్థం, బస్తర్‌లో ఒక అర్థం ఉంటే ఏది ఒప్పని ఎవరు తేల్చారు? "పోడు", "అడవి", "హక్కు" అనే మాటలకు ఆ యంత్రం ఇచ్చే అర్థం ఆదివాసీదా, అటవీ శాఖదా? గొంతు ఇచ్చేవాళ్లుగా ఎప్పుడూ పిలుస్తారు మనవాళ్లను. తేల్చే కుర్చీలో ఎంతమందిని కూర్చోబెట్టారన్నదే లెక్క.

నా బాకీ

శిక్షణ అయిన వారానికి ఆ అమ్మాయిని స్టాఫ్ రూమ్ బయట కలిశాను. ఆ రోజు ట్రైనర్ అలా అనకుండా ఉండాల్సిందమ్మా అన్నాను. ఆమె తల వంచుకుని, మెల్లగా, "మీరు గూడ నవ్విండ్రు సార్" అంది.

నా పదేళ్ల ఉపన్యాసాల మీద పడిన మాట అది. తప్పయిందమ్మా అన్నాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఆమె, ఇంకో ముగ్గురు కలిసి సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా ఫోన్‌లో అవ్వల మాటలు రికార్డు చేస్తున్నారు. చెట్ల పేర్లు, చేపల పేర్లు, జ్వరానికి వాడే ఆకుల పేర్లు. వారిలో ఒకడి తల్లిదండ్రులు 2006లో బస్తర్ నుంచి పారిపోయి వచ్చారు. కుల ధృవీకరణ పత్రం కోసం ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. మొన్న ఒక చెట్టు పేరు దగ్గర తగాదా వచ్చింది. చర్ల వైపు ఒక మాట, బస్తర్ వైపు ఇంకో మాట. ఏది ముందు రాయాలి? నా వైపు చూశారు. తెలుగు పంతుల్ని కదా, నోటి చివరికి తీర్పు వచ్చేసింది. మింగేశాను. అరగంట వాదించుకుని, రెండూ రాసి, ఏ ఊరి మాటో పక్కన రాయాలని వాళ్లే తేల్చుకున్నారు.

ఐదో తరగతి చాలని రాజ్యం అనుకున్న పిల్లలు వీళ్లు. వీళ్లకు నాయకత్వం నేర్పే పని మనకు లేదు. వాళ్లు తేల్చుకుంటున్నప్పుడు మనం నోరు మూసుకోవడం నేర్చుకోవాలి, తేల్చుకున్నందుకు వాళ్ల మీదికి ఎవరైనా వస్తే నోరు తెరవడం నేర్చుకోవాలి.

విద్యార్థి మిత్రులకు ఒక్క పని. మీ క్లాసులో, హాస్టల్లో తెలుగు కాని ఇంటి భాష ఉన్నవాళ్లు ఎవరో ఈ వారం తెలుసుకోండి. కోయ, గోండి, కొలామి, లంబాడీ, సవర, ఏదైనా. వాళ్ల భాషలో ఒక్క మాట అడిగి నేర్చుకోండి. నవ్వకుండా.

జై భీమ్. సేవా జోహార్.